ఏ ఏటికి

మా ఊరి పేరు మెర్సెడెస్.
కొట్టంలో ఉన్న బండి మాత్రం రెనో.
ఈ ముక్క కొత్తవాళ్ళకి చెప్పి
ఒడిలోన్ బెర్రుత్తి ఇరవయ్యేళ్ళుగా
తనే ముందు నవ్వుతాడు.

రెండు సిలిండర్లు. తొమ్మిది గుర్రాలు,
అందులో రెండు కుంటివి.
పందొమ్మిది వందల తొమ్మిదిలో ఓడ దిగింది,
ఎవరో డాక్టరు కోసమట.
ఆఖర్న కోళ్ళ పాలైంది.
మేం కొన్నరోజు సీటు కింద ఒక గుడ్డు,
రాయిలా, ఏ కాలానిదో.
విడిభాగాల పట్టీలో దాన్నీ రాసుకున్నాం.

నేను జీనులు కుట్టేదాన్ని.
ఆ గుర్రాలు తగ్గాక ఈ గుర్రాలు దొరికాయి.
దీని క్లచ్చి అంటే తోలు తొడిగిన ఇనప గరాటు:
ఎండితే ఒక్కసారిగా పట్టి మన మెడ విరుస్తుంది,
జిడ్డెక్కువైతే జారిపోయి వెక్కిరిస్తుంది.
ఆవు గిట్టల నూనె, వేలికొసతో,
వారానికోసారి,
పసిబిడ్డ మాడుకి అంటినట్టు.

ఒడిలోన్ బేరింగులు పోస్తాడు.
తెల్లలోహం పాకానికొచ్చిందా అని
థర్మామీటర్ని అడగడు.
దేవదారు పుల్ల ముంచి తీస్తాడు.
పుల్ల కమిలితే సరే,
అంటుకుంటే మళ్ళీ మొదలు.
అప్పుడెవరూ మాట్లాడకూడదు.
మాతె బుర్ర కూడా చేతులు మారదు.

ఎండలు ముదిరితే చక్రాల ఆకులు వదులై
కిర్రో మంటాయి.
అప్పుడు చక్రం విప్పి ఏటికి దొర్లించుకెళ్తాం,
రియో నెగ్రోలో రాత్రంతా నానేస్తాం
ఒడ్డునున్న విల్లో చెట్టుకి తాడు కట్టి.
తెల్లారేసరికి కొయ్య ఉబ్బి బిగుసుకుంటుంది.
అలా చేస్తే కుళ్ళిపోతుందంటారు చదువుకున్నవాళ్ళు.
తెలుసు.
ఆదివారం బయల్దేరాలి కదా.

పోయిన నవంబరులో వెనక పెట్టె గీకుతున్నాం.
పైన నలుపు. దాని కింద మడ్డి ఎరుపు.
దాని కింద బూడిద.
ఆ కింద, తడిగుడ్డతో తుడిస్తే,
పసుపు పచ్చని అక్షరం బొజ్జ ఒకటి.
ఊపిరి బిగబట్టి సాయంత్రం దాకా తుడిచాం:
"వేడి రొట్టెలు.
ఇవాళ అరువు లేదు, రేపు రండి."

డాక్టరు తర్వాత ఎవడో రొట్టెలవాడు
వెనక సీటు పీకేసి
ఈ పెట్టె దిగ్గొట్టుకున్నాడన్నమాట.
"అయితే ఇది అసలుది కాదు, తీసేద్దాం" అన్నాడు ఒడిలోన్.
"బానెట్ లోపల చూడు, ఫ్యాక్టరీ ఆకుపచ్చ.
పుట్టినరోజుకి తీసుకెళ్ళాలి దీన్ని."
"పుట్టింది సరే, తర్వాత బతకలేదా?" అన్నాను.
"వాడు తెల్లవారుజామున మూడింటికి లేచి
దీన్ని తిప్పి తిప్పి స్టార్టు చేసుకునేవాడు.
నీ డాక్టరుకైతే నౌకరుండేవాడు."
అతనికి కోపమొచ్చింది.
నాకు ముందే వచ్చింది.

రెండు వారాలు మాటల్లేవు.
అతను ఒకే ఇత్తడి దీపం తోమాడు
తన మొహం అందులో విసుక్కునేదాకా.
నేను కుట్టిన కుట్టే విప్పి
మళ్ళీ కుట్టాను.
గరుకు కాగితం మధ్యలో బల్లమీద,
ఎవరం ముట్టుకోలేదు.

ఆ కోపంలోనే ఓ పొద్దున
హ్యాండిల్ చుట్టూ బొటనవేలు చుట్టాడు,
పిల్లలకి మొదటిరోజే చెప్పే తప్పు.
ఇంజను ఎదురుతన్నింది.
మణికట్టుకి పట్టీ, ఆరు వారాలు.

అందుకని డిసెంబరు ఆదివారం
తిప్పింది నేను, నడిపింది నేను.
అతను పక్కన, తెల్లటి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని
నా గేర్లన్నీ తప్పే అన్నట్టు కూచున్నాడు.
సగం గీకిన పెట్టెతో
ఏటి ఒడ్డు రోడ్డు మీద పోతున్నాం,
నడిచేవాళ్ళకంటే కొంచెం నయంగా.

ఒక కుర్రాడు సైకిలు మీద పక్కనే వస్తూ
పెట్టె మీది రాత కూడబలుక్కుని
"రొట్టె ఉందా?" అని అరిచాడు.
నేను బ్రేకు వెతుక్కుంటున్నాను.
"రేపు రా!" అన్నాడు ఒడిలోన్,
రెండు వారాల్లో అతని మొదటి మాట.

ఇంటికొచ్చాక గరుకు కాగితం గురించి అడగలేదు.
ఎడమచేత్తో చక్రం ఊపి చూశాడు, కిర్రుమంది.
"ఏటికి తీసుకెళ్ళాలి" అన్నాను.
తలెత్తి
అనుమానంగా చూశాడు:
"ఏ ఏటికి?"